పనిముట్టు చెడిన నష్టమెవరిది?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన సామెత గృహస్థుని కష్టమును గూర్చినది. సిమెంటు ధర, ఇనుము ధర, ఇసుక కొఱత, అప్పులవారి తొందర, ఇవి యన్నియు నా సామెతలో నిమిడి యున్నవి. కాని ఆ యింటిని తన చేతులతో కట్టినవాని కష్టమును గూర్చి మనకు సామెత లేదు. గృహప్రవేశమునాడు మేస్త్రికి క్రొత్త బట్టలు పెట్టుదుము. మరునాటికి వాని పేరు మఱచిపోవుదుము.

2025 నవంబరు 21వ తేదీన కేంద్ర ప్రభుత్వము నాలుగు కార్మిక సంహితలను అమలులోనికి దెచ్చినది. కట్టడపు పనివారల కొఱకు 1996లో చేయబడిన చట్టములును ఈ సంహితలలోనికి జేరినవి. పనిగంటలను గూర్చియు, సమ్మెలను గూర్చియు, తొలగింపులను గూర్చియు వాదప్రతివాదములు సాగుచున్నవి. వానిని మేము తేలికగా జూచుట లేదు. అయితే ఆ వాదములలో అరుదుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. అది మా పాఠకులలో ఇల్లు కట్టుచున్నవారికిని, కట్టదలచినవారికిని స్వయముగా సంబంధించినది. పని జరుగుచుండగా పనిముట్టు చెడినచో, ఆ నష్టము నెవరు భరింపవలయును?

పూర్వము ఈ ప్రశ్న యంతగా పుట్టలేదు. తాపీ, తూకపుగుండు, మూలమట్టము, రసమట్టము మేస్త్రి సొంతము. ఉలి, బాడిస, చిత్రిక వడ్రంగి సొంతము. ఉలి మొండిబడినచో సానబెట్టుకొనును. పిడి విరిగినచో తానే క్రొత్తది చెక్కుకొనును. పనివాని నేర్పును, గౌరవమును ఆ సంచిలోనే యుండెడివి. ఇటీవలి దశాబ్దములలో కాంక్రీటు కలుపు మిల్లరు వచ్చినది, వైబ్రేటరు వచ్చినది, సామాను పైకెత్తు లిఫ్టు, రాతిపలకలు కోయు కట్టరు, గ్రైండరు, డ్రిల్లు వచ్చినవి. ఇవి శ్రమను తగ్గించిన మాట నిజము. కాని పెద్ద యంత్రములు పనివానివి గావు, గృహస్థునివియు గావు. అవి అద్దె దుకాణమువి. అద్దె యెచ్చట తక్కువయో యచ్చటినుండి మేస్త్రి వానిని దెచ్చును. చేతి యంత్రములను పనివాడే కొనును. కొనగలిగిన ధరలో దొరకినదానిని కొనును.

స్లాబు వేయు దినమును తలంచుకొనుడు. గృహస్థున కది పండుగ. టెంకాయ కొట్టి, పసుపు కుంకుమలు చల్లి పని మొదలిడుదురు. సిమెంటునకు నీరు తగిలిన క్షణము నుండి కాలము పరుగిడును. మన దేశపు ప్రమాణముల ప్రకారము సామాన్యమైన సిమెంటు 30 నిమిషముల లోపల గట్టిపడ నారంభింపరాదు. 600 నిమిషములు దాటకుండ గట్టిపడవలయును. మన ఎండకాలపు వేడిమిలో ఆ వ్యవధి మఱింత కుదించుకొనిపోవును. కావున మొదలిడిన స్లాబును నడుమ నాపరాదు. ఆపినచో పాత కాంక్రీటునకు క్రొత్తది సరిగా నతుకక, ఆ సందున వాననీరు దిగి లోపలి యినుము తుప్పుపట్టును.

ఇట్టి దినమున మధ్యాహ్నము పండ్రెండు గంటలకు మిల్లరు బెల్టు తెగినదనుకొందము. అద్దె దుకాణమునకు ఫోను చేసినచో మనిషిని పంపుచున్నామందురు. ఆ మనిషి యెప్పటికిని రాడు. అప్పుడు పనివారేమి చేయుదురు? నేలపై రేకు పఱచి, కంకరయు నిసుకయు సిమెంటును పారలతో తిరుగవేయుదురు. ఆడకూలీలు వరుసగా నిలిచి గమేళాలను చేతినుండి చేతికి మేడమీది కందించుదురు. అయిదు గంటలకు ముగియవలసిన పని రాత్రి తొమ్మిదింటికి ముగియును. పని గుత్తకు ఒప్పుకొన్నది గనుక అదనపు కూలి యుండదు. వైబ్రేటరు నిలిచినచో ఇనుపకడ్డీతో పొడిచి సర్దుదురు. పెట్టెలు విప్పిన పిదప దూలము క్రింద తేనెపట్టువలె బొరియలు కనబడినచో, తిట్లు మేస్త్రికి. అతుకులు వేయు ఖర్చు మేస్త్రికి. చెడిన యంత్రమునకు అద్దె చెల్లించువాడును మేస్త్రియే.

పని మొదలు కాకమునుపే యంత్రము చెడినచో మఱియొక తీరు. నేడు లేదు, రేపు రండు అని చెప్పి పంపివేయుదురు. తొమ్మిది గంటలు దాటిన పిమ్మట అడ్డాలో వారిని పిలుచువారుండరు. ఆ దినపు కూలియు పోయినది, వచ్చిపోయిన ఆటో కిరాయియు పోయినది. చెడినది ఒకరి యంత్రము, ఆగినది మఱియొకరి యిల్లు, పస్తులుండునది వేఱొకరి బిడ్డలు. ఇది న్యాయమని యెవరనగలరు?

కూలి నష్టము కంటె ఘోరమైనది ప్రాణనష్టము. చేతిలో పట్టు నాలుగంగుళముల గ్రైండరు చక్రము నిమిషమునకు రమారమి 11,000 సార్లు తిరుగును. లోతుగా కోయుటకై దాని రక్షక రేకును తీసివేసి, అంతకంటె పెద్ద చక్రమును బిగించుట మన పనిచోట్ల నిత్యము కనబడుచున్నది. పెద్ద చక్రము అంతటి వేగమునకు చేయబడినది గాదు. పగిలెనేని ముక్కలు ముఖమునకును మెడకును తగులును. రాతిపలకలను పొడిగా కోయునపుడు లేచు తెల్లని ధూళి వెంటనే చంపదు; ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో నిలిచి, మఱల మానని వ్యాధిని కలిగించును. నీరు పోయుచు కోసినచో ఆ ధూళి చాలవఱకు అణగును. కాని నీరు పోయుట కొక మనిషి కావలయును. ఆ మనిషి కూలి యెవరిదను ప్రశ్న మఱల వచ్చును.

విద్యుత్తు సంగతి యింతకంటె చిత్రము. తీగ చివరలను ఒలిచి, సాకెట్టు రంధ్రములలో దూర్చి, జారిపోకుండ అగ్గిపుల్లలు దోపుట మన పనివారి నిత్యకృత్యము. అతుకులు పడిన ఆ తీగ తడి నేలమీద, కడ్డీల నడుమ ప్రాకుచుండును. వోల్టేజి తగ్గినపుడు మోటారు వేడెక్కి, చుట్లు కాలి, విద్యుత్తు యంత్రపు ఒడలికి దిగును. తడి చేతితో నా యంత్రమును పట్టినవాడు తిరిగి లేవకపోవచ్చును. 30 మిల్లీ యాంపియర్ల విద్యుత్తు దారి తప్పినంతనే సరఫరాను త్రుంచివేయు స్విచ్చు నేడు బజారులో దొరకుచున్నది. ఇల్లు పూర్తియైన పిదప మన బిడ్డల రక్షణకై దానిని పెట్టించుకొనుచున్నాము. కట్టుచున్నపుడు పెట్టించినచో ఇతరుల బిడ్డలకును రక్షణ యగును.

ఇక పరంజా. లోకమంతటను కట్టడపు పనిలో మరణములకు ముఖ్యకారణము ఎత్తునుండి పడిపోవుటయే. మనచోట సరుగుడు కర్రలకు త్రాళ్లు బిగించి, వానిపై ఒంటి పలక వేసి, దానిపై సున్నపు బక్కెటుతో మనిషిని నిలిపెదము. త్రాడు ఎండకు వానకు నెంత చివికినదో చూచువాడు లేడు. చేతికి పట్టు కమ్మి లేదు. ఏ పరంజా యెన్ని యిండ్లు తిరిగి వచ్చినదో మేస్త్రికే తెలియదు.

ఇట్లు జరుగుటకు ఒక్కనిని దుష్టుడని నిందించుట సులభము, కాని సరికాదు. గృహస్థుడు అడుగునకింత యని మేస్త్రితో బేరమాడును. పోటీకి భయపడి మేస్త్రి తక్కువకు ఒప్పుకొనును. ఒప్పుకొన్న తరువాత అద్దెలోను, తీగలోను, పరంజాలోను మిగుల్చుకొన జూచును. అద్దె దుకాణమువాడు వచ్చిన బాడుగకు తగినట్లే మరమ్మతు చేయును. ఎవరికి వారు తమ లెక్కలో న్యాయముగనే యున్నట్లు తోచును. నష్టము మాత్రము పల్లమునకు నీరువలె దిగి, అందఱికంటె క్రిందనున్న కూలివానియొద్ద నిలుచును.

చట్టము రక్షింపదా యని అడుగవచ్చును. 1996 నాటి చట్టముల క్రింద కట్టడపు వ్యయములో నూటికొక రూపాయి చొప్పున సుంకము వసూలు చేసి, దానిని పనివారల సంక్షేమమునకు వెచ్చింప నిర్ణయించిరి. వసూలైన 37,400 కోట్ల రూపాయలకు పైబడిన సొమ్ములో రమారమి 9,500 కోట్లే వెచ్చింపబడినవని 2018లో సుప్రీముకోర్టు తన తీర్పున తీవ్రముగా విమర్శించినది. ధనము లేక కాదు, దానిని పనివానికి చేర్చు శ్రద్ధ లేకయే యీ దుఃస్థితి. అంతకంటె మన పాఠకులు గమనింపవలసినది వేఱొకటి. సొంత నివాసమునకై కట్టుకొను ఇల్లు 10 లక్షల రూపాయల వ్యయమునకు మించనిచో నా చట్టము వర్తింపకుండెను. క్రొత్త సంహితలలో ఆ హద్దు 50 లక్షలకు పెరిగినది. పదిమందికి తక్కువ పనివారున్న కట్టడములును హద్దునకు వెలుపలివే. అనగా మన పట్టణములలోను, గ్రామములలోను మధ్యతరగతివారు కట్టుకొను ఇండ్లలో చాల భాగము కట్టడపు పనికై ప్రత్యేకముగా నేర్పఱచిన రక్షణ నియమములకు వెలుపల నున్నవి. అచ్చట తనిఖీ అధికారి రాడు. అచ్చట గృహస్థుని మనస్సాక్షియే చట్టము.

మా పాఠకు లొక యాక్షేపణ చేయవచ్చును. అప్పు చేసి కట్టుకొనుచున్నాము. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరకక నెలల తరబడి పనులు నిలిచినపుడు మా నష్టమును ఎవరు తీర్చిరి? రక్షక రేకును తీసివేయువాడును, టోపీ పెట్టుకొనుమన్న నవ్వువాడును పనివాడే గదా యని యనవచ్చును. ఇందులో నిజము లేకపోలేదు. ఇసుక కొఱత గృహస్థుని బాధించినది. కాని గృహస్థున కది ఆలస్యము, కూలివానికి ఆకలి. రేకును తీసివేయువాడు కేవలము మూఢుడై తీయుట లేదు. గుత్త పనిలో తొందర యే కూలియై నందున తీయుచున్నాడు. ఆ తొందరను కల్పించిన ఒప్పందముపై మన చేవ్రాలు కూడ నున్నది.

కావున మేము చెప్పునది గొప్ప సంస్కరణము గాదు. ఒప్పందము వ్రాయునపుడే, యంత్రము చెడి పని నిలిచినచో వచ్చిన పనివారికి ఆ దినపు కూలిలో సగమైన ముట్టవలెనని యొక పంక్తి చేర్చుడు. స్లాబునకు ముందునాడే మిల్లరును, వైబ్రేటరును తెప్పించి నడిపి చూడుడు. రెండవ వైబ్రేటరు నొకదానిని చేరువనుంచుడు. పని మొదలిడిననాడే విద్యుత్తును త్రుంచు స్విచ్చును బిగింపజేసి, ప్లగ్గు లేని తీగను లోనికి రానీయకుడు. రక్షక రేకు లేని గ్రైండరు మీ గుమ్మము దాటరాదు. పరంజాకు చేతిపట్టు కమ్మి యున్నదో లేదో మీరే చూడుడు. సంక్షేమ మండలిలో చేరుటకు, 18 ఏండ్లకు 60 ఏండ్లకు నడుమ వయసువారు గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు ఈ పనిలో నుండవలయునను నియమము కలదు. అందుకై ఎవరైనను ధ్రువపత్ర మడిగినచో వ్రాసి యిచ్చుటకు వెనుదీయకుడు.

వీని కన్నిటికి నగు వ్యయము సింహద్వారపు నగిషీకి పెట్టు వ్యయము కంటె హెచ్చు గాదు. శంకుస్థాపనకు ముహూర్తమును చూచుదుము, వాస్తును చూచుదుము, దిష్టిబొమ్మను వ్రేలాడగట్టుదుము. ఇంటికి కీడు రాకుండ ఇన్ని జాగ్రత్తలు పడు మనము, ఆ యింటి పరంజాపై నిలుచున్నవానికి కీడు రాకుండ జూచుటయు ఆ శుభకార్యములో భాగమని గుర్తింపవలయును.