మోకు ఒక్కటే చాలదు: గీత కార్మికుడికి నేల వదిలినప్పటి నుంచీ రక్షణ కావాలి

మోకు జారి గీత కార్మికుడి మృతి. తాటిచెట్టు పైనుంచి పడి విరిగిన నడుము. చెట్టుపై తలకిందులుగా వేలాడిన కార్మికుడు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లా పత్రికలు చదివేవారికి ఇలాంటి శీర్షికలు కొత్త కావు. కల్లు సీజన్ మొదలైతే ఇవీ మొదలవుతాయి. నాలుగు వాక్యాల వార్త, ఎక్స్‌గ్రేషియా కోసం వినతి, అంతటితో సరి. చెట్టెక్కే వృత్తిలో పడటం మామూలేనని, అది వారి తలరాత అని ఊరు సర్దిచెప్పుకుంటుంది.

ఇది తలరాత కాదు. ఎత్తు నుంచి పడటం ఎలా జరుగుతుందో, పడుతున్న శరీరాన్ని ఎలా ఆపాలో శాస్త్రానికి బాగా తెలుసు. విద్యుత్ స్తంభాలు ఎక్కే లైన్‌మెన్, పర్వతారోహకులు, చివరకు సరదాకు చెట్టెక్కే అమెరికా వేటగాళ్లు కూడా ఆ జ్ఞానంతో ప్రాణాలు కాపాడుకుంటున్నారు. పొట్టకూటి కోసం రోజూ చెట్టెక్కే గీత కార్మికుడికి మాత్రం అది ఇంకా పూర్తిగా అందలేదు.

ఒకటిన్నర సెకనులో

పది మీటర్ల ఎత్తు నుంచి జారిన మనిషి దాదాపు 1.4 సెకన్లలో నేలను తాకుతాడు. అప్పటికి అతని వేగం గంటకు 50 కిలోమీటర్లు. పదిహేను మీటర్లయితే అది 62 కిలోమీటర్లకు చేరుతుంది. కొమ్మో మట్టో పట్టుకుందామని మెదడు అనుకునేలోపే అంతా అయిపోతుంది.

గాయం చేసేది వేగం ఒక్కటే కాదు, ఆ వేగం ఎంత తక్కువ దూరంలో ఆగిపోతుందన్నది. పది మీటర్ల నుంచి పడిన శరీరం గట్టి నేల మీద పది సెంటీమీటర్లలో ఆగిందనుకుంటే, ఆ క్షణంలో దానిపై సగటున శరీర బరువుకు వంద రెట్ల బలం పడుతుంది. కాళ్ల మీదో పిరుదుల మీదో పడితే ఆ బలమంతా వెన్నెముక గుండా పైకి పాకుతుంది. ఛాతీ భాగం, నడుము భాగం కలిసే చోట వెన్నుపూస నలిగి, దాని ముక్కలు వెన్నుపాములోకి గుచ్చుకునే ప్రమాదం ఉంది. ప్రాణం దక్కినా రెండు కాళ్లూ, మూత్రాశయం మీద అదుపూ పోతాయి. భారతదేశంలో వెన్నుపాము గాయాలకు ముందువరుస కారణాల్లో ఎత్తు నుంచి పడటం ఒకటి. సంపాదించే మనిషి మంచాన పడితే, అతన్ని చూసుకోవడానికి ఇంట్లో మరొకరి సంపాదన కూడా ఆగిపోతుంది.

మోకు చేసే పని, చేయలేని పని

మోకును తక్కువ చేసి మాట్లాడటానికి లేదు. తరాల అనుభవం దాన్ని తీర్చిదిద్దింది. నడుము వెనక నుంచి చెట్టు చుట్టూ తిరిగే ఆ తాడు మీద కార్మికుడు వెనక్కి వాలతాడు. ఆ బరువుకు మోకు మానును అదిమిపట్టుకుంటుంది. కాళ్లకు వేసుకున్న గుజి మానుకు ఒరుసుకుని కిందికి జారనివ్వదు. ఈ రెండు ఒరిపిడులే అతన్ని నిలబెడతాయి, రెండు చేతులనూ గీత పనికి వదిలిపెడతాయి. కత్తులు పెట్టుకునే ముస్తాదుతో కలిపి చూస్తే ఇది చాలా తెలివైన పరికరం.

కానీ ఈ ఒరిపిడి వెనక్కి వాలి ఉన్నంతసేపే. పైకి కదలాలంటే కార్మికుడు చెట్టు వైపు వంగి, మోకును వదులు చేసి, ఒక్క ఊపులో పైకి ఎగరేయాలి. ఆ క్షణంలో అతన్ని పట్టి ఉంచేది గుజి, చేతులు మాత్రమే. ప్రతి అడుగుకూ ఆ క్షణం వస్తుంది. మంచుకో వానకో మాను తడిసి కాలు జారితే శరీరం చెట్టు వైపు పడుతుంది, మోకు మరింత వదులవుతుంది, మనిషితోపాటు అదీ జారుతుంది. తాటిమాను అన్నిచోట్లా ఒకే లావు ఉండకపోవడం మరో చిక్కు. మట్టల అంచులకుండే రంపపు పళ్లు, పక్కనే ఆడే పదునైన కత్తి తాడును కొంచెం కొంచెంగా కోసేస్తుంటాయి.

ఎత్తులో పనిచేసే వారి భద్రతను చూసే నిపుణులు రెండు రకాల కట్లను వేరుచేసి చెబుతారు. ఒకటి పని చేసుకోవడానికి నిలబెట్టే కట్టు. రెండోది జారినప్పుడు ఆపే కట్టు. మోకు మొదటి రకం. దాని చేత రెండో పని కూడా చేయించాలని చూడటమే అసలు ప్రమాదం.

నైపుణ్యం మీద భారం

చేయి తిరిగిన గౌడన్నకు ఈ బెల్టులెందుకు, అవి కొత్తవాళ్లకు కదా అనే మాట వృత్తిలో తరచూ వినిపిస్తుంది. అందులో ఆత్మగౌరవం ఉంది, అనుభవం ఉంది. లెక్క మాత్రం దానికి ఎదురు తిరుగుతుంది.

ఒక కార్మికుడు రోజుకు పది చెట్లు, ఒక్కోదాన్ని రెండుసార్లు ఎక్కుతాడనుకుందాం. చెట్టుకు 15 మీటర్ల చొప్పున రోజుకు 300 మీటర్లు పైకి, మళ్లీ అంతే కిందికి. అంటే నాలుగు కుతుబ్ మినార్‌లను బయటి నుంచి ఎక్కి దిగడంతో సమానం. ఏడాదికి 120 రోజుల పని లెక్కన ముప్పై ఏళ్లలో అతను 72,000 సార్లు చెట్టెక్కుతాడు. అతను ఎంత నేర్పరి అంటే, లక్ష సార్లలో ఒక్కసారి మాత్రమే తప్పు జరుగుతుందనుకుందాం. అయినా ఆ ముప్పై ఏళ్లలో కనీసం ఒక్కసారి పడే అవకాశం సగానికి సగం. ఇది ఊహాలెక్కే అయినా అది చెప్పే సత్యం గట్టిది. నైపుణ్యం ఒక్కో ఎక్కుడులోని ప్రమాదాన్ని తగ్గిస్తుంది. వేల ఎక్కుళ్ల ప్రమాదాన్ని కలిపి చూస్తే దాని బలం చాలదు.

అమెరికాలో విద్యుత్ లైన్‌మెన్ విషయంలో ఇదే చర్చ నడిచింది. వారు చెక్క స్తంభాలను మన మోకు లాంటి పట్టీతోనే ఎక్కేవారు. అర్హత పొందిన లైన్‌మన్‌కు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పడిపోకుండా ఆపే రక్షణ తప్పనిసరి కాదన్న మినహాయింపు చాలాకాలం ఉండేది. 2014లో అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఆ నిబంధనను మార్చింది. 2015 ఏప్రిల్ నుంచి, సాధ్యంకాని పరిస్థితుల్లో తప్ప, నేర్పరులకూ ఆ రక్షణ తప్పనిసరి అయింది. ఇప్పుడు వారు వాడే పట్టీలు కాలు జారగానే స్తంభాన్ని ఉరితాడులా బిగించి పట్టుకుంటాయి. మోకుకు ఇంతకన్నా దగ్గరి చుట్టం మరొకటి లేదు.

వేటగాళ్లు నేర్చుకున్న పాఠం

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అమెరికాలో మాత్రం జింకల వేట అనుమతి ఉన్న క్రీడ. అక్కడి వేటగాళ్లు చెట్టుకు నాలుగైదు మీటర్ల ఎత్తున చిన్న మంచె బిగించి గంటల తరబడి కూర్చుంటారు. తూలి పడకుండా మొదట్లో నడుముకు ఒక పట్టీ కట్టుకునేవారు. పడినప్పుడు ఆ పట్టీ పొట్టను నొక్కి ఊపిరి ఆడనివ్వలేదు, కొన్నిసార్లు శరీరం మీద నుంచే జారిపోయింది. అందుకే భుజాలు, ఛాతీ, తొడలు అన్నిటినీ పట్టి ఉంచే పూర్తి హార్నెస్ వచ్చింది.

అక్కడితో సమస్య తీరలేదు. మంచె మీద కూర్చున్నప్పుడు కన్నా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నిచ్చెన నుంచి మంచె మీదికి మారేటప్పుడు జారేవారే ఎక్కువ. హార్నెస్ ఒంటి మీద ఉన్నా అప్పటికి దాన్ని చెట్టుకు తగిలించి ఉండరు. దీనికి పరిష్కారంగా చెట్టు పైనుంచి నేల దాకా ఒక తాడు వేలాడదీసి, దానికి ప్రూసిక్ ముడి వేస్తున్నారు. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారంలోకి తెచ్చిన ముడి ఇది. చేత్తో నెడితే తాడు మీద సాఫీగా జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది. కాలు నేల వదలకముందే మనిషి దానికి తగిలించుకుంటాడు, తిరిగి నేల తాకాకే విప్పుతాడు.

గీత పనికి తీసుకోవాల్సిన పాఠం ఇదే. పైకి చేరాక కట్టుకునే బెల్టుతో సగం రక్షణే దక్కుతుంది.

మన దగ్గర జరిగింది

కొబ్బరి విషయంలో కేరళ ముందడుగు వేసింది. కన్నూర్ జిల్లా చెంబేరికి చెందిన రైతు ఎం.జె. జోసెఫ్ రూపొందించిన పరికరంతో మెట్లెక్కినట్టు కొబ్బరిచెట్టు ఎక్కవచ్చు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి యువతకు యంత్రంతో చెట్టెక్కడంలో శిక్షణ ఇస్తోంది, ఎక్కేవారికి బీమా పథకం కూడా నడుపుతోంది. పరికరం, శిక్షణ, బీమా ఒకదాని వెంట ఒకటి రావడమే ఆ ప్రయత్నంలోని బలం.

తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీత కార్మికులకు సేఫ్టీ కిట్ల పంపిణీ ప్రారంభించింది. గౌడుల ఇలవేల్పు పేరిట దానికి కాటమయ్య రక్షణ కవచం అని పేరు పెట్టారు. పోయాక పరిహారం ఇచ్చే ఆలోచన నుంచి పడకుండా చూసే ఆలోచనకు రావడం మంచి మలుపు. అయితే పంపిణీ ఫొటోతో పని పూర్తికాదు. కిట్టు వల్ల చెట్టుకు ఐదు నిమిషాలు ఆలస్యమైతే, ఇరవై ఎక్కుళ్లకు రోజులో గంటన్నర పైగా పోతుంది. పొద్దెక్కితే కల్లు పులుస్తుంది, గిరాకీ పోతుంది. అలాంటి కిట్టు ఇంట్లో కొయ్యకు వేలాడుతూ ఉండిపోతుంది. ఆ తప్పు కార్మికుడిది కాదు, పరికరం రూపొందించిన తీరుది.

తాడు ఎంపికలోనూ శాస్త్రం ఉంది. అరమీటరు జారిన మనిషిని అసలు సాగని తాడు ఐదు సెంటీమీటర్లలో ఆపితే, అతనిపై శరీర బరువుకు పదకొండు రెట్ల బలం పడుతుంది. అదే అరమీటరు మేర సాగుతూ ఆపితే రెండు రెట్లే. కుట్లు వరుసగా తెగుతూ కుదుపును మింగేసే పట్టీలు ఉన్నది ఇందుకే. ఆ కుదుపు 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల బరువుకు సమానమైన బలం, మించకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే హద్దు. బజారులో దొరికే ఏదో ఒక నైలాన్ తాడు దీనికి బదులు కాదు.

ఆగిన తర్వాత

తాడు ఆపింది, మనిషి బతికాడు, కానీ గాలిలో వేలాడుతున్నాడు. ఇక్కడ రెండో ప్రమాదం మొదలవుతుంది. కదలకుండా నిటారుగా వేలాడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి మెదడుకు తగ్గుతుంది. అరగంట లోపే స్పృహ తప్పవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కాళ్లను మానుకు అదిమి తన్నుతూ ఉండటం, తాడు ఉచ్చులో పాదం పెట్టి లేచి నిలబడటం కొంత సమయం ఇస్తాయి. మోకుకు చిక్కి తలకిందులుగా వేలాడేవారి పరిస్థితి ఇంకా కష్టం. 108 వాహనం వచ్చినా అందులో చెట్టెక్కేవారుండరు. దించాల్సింది పక్క చెట్టు మీది తోటి కార్మికుడే. అందుకే ఒంటరిగా తాటివనానికి వెళ్లకపోవడం, దించే పద్ధతి ప్రతి సొసైటీలో ఇద్దరికైనా నేర్పడం కిట్టులో భాగమే అనుకోవాలి.

నేల మీద పడినవారిని లేపి కూర్చోబెట్టడం, నీళ్లు తాగించడం, కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తడం మంచి మనసుతో జరిగే పెద్ద తప్పులు. విరిగిన వెన్నుపూస ఆ కదలికకు వెన్నుపామును తెంపేయగలదు. తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండా పట్టుకుని 108 కోసం ఆగాలి. కదపక తప్పకపోతే నలుగురూ కలిసి దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పి, తలుపు చెక్క లాంటి గట్టి పలక మీదికి చేర్చాలి.

చేయాల్సింది

భవన నిర్మాణంలో భద్రతకు కాంట్రాక్టరును నిలదీయవచ్చు. గీత కార్మికుడికి యజమాని లేడు, కాబట్టి బాధ్యుడూ లేడు. కానీ చెట్లకు లెక్క ఉంది, కార్మికులకు లైసెన్సు ఉంది, సహకార సంఘాలు ఉన్నాయి, వీటన్నిటినీ చూసే ఎక్సైజ్ శాఖ ఉంది. ఆ వ్యవస్థే ప్రతి పతనాన్నీ నమోదు చేయాలి. ఎంత ఎత్తు నుంచి, ఎక్కుతుంటేనా దిగుతుంటేనా, మోకు తెగిందా జారిందా, మాను తడిగా ఉందా అన్న వివరాలు లేకుండా మంచి పరికరం తయారు కాదు. రూపకల్పన కూడా చెట్టెక్కేవారితో కలిసి, నిజమైన తాటిచెట్ల మీద జరగాలి. పాడైన తాళ్లకు ఏటా కొత్తవి ఇవ్వాలి, కిట్టు వాడకాన్ని శిక్షణ తర్వాత కూడా గమనిస్తూ ఉండాలి.

చెట్టుకు దండం పెట్టి ఎక్కడం వృత్తిలో ఉన్న మంచి అలవాటు. ఆ ఒక్క క్షణం ఆగినప్పుడే తాడు చూసుకోవడం, తగిలించుకోవడం కూడా జరిగిపోతే, కాలు నేల వదిలినప్పటి నుంచి తిరిగి నేల తాకేదాకా ఆ మనిషిని చెట్టు వదలదు. అంతవరకు జిల్లా పత్రికలో ఆ నాలుగు వాక్యాల వార్త వస్తూనే ఉంటుంది.