కోతకైనా వంతుండాలి

మొన్న మా ఇంటి కరెంటు కాంట్రాక్టు అయిపోవస్తోందని ఉత్తరం వచ్చింది. టెక్సస్‌లో ఉండనివాళ్ళకి ఈ మాట వింతగా ఉంటుంది కాబట్టి ముందు అదేమిటో చెప్తాను. ఇక్కడ డాలస్, హ్యూస్టన్ లాంటి ఊళ్ళలో కరెంటు కొనుక్కోవడమంటే సెల్‌ఫోను ప్లాను కొనుక్కున్నట్టే. 2002 జనవరి నుంచీ ఇదే పద్ధతి. తీగలు ఒకరివి, కరెంటు తయారుచేసేది ఇంకొకరు, మనకి అమ్మి బిల్లు పంపేది మూడోవాడు. ఈ మూడోవాళ్ళు పదులకొద్దీ ఉన్నారు. ఒకడు రాత్రిళ్ళు ఉచితమంటాడు, ఇంకొకడు శని ఆదివారాలు ఉచితమంటాడు. మరొకడు వెయ్యి యూనిట్లు దాటితే తగ్గింపు ఇస్తాడు, 999 దగ్గర ఆగిపోతే వాత పెడతాడు. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో ఈ గోల లేదు. అక్కడ ఊరి కరెంటు సంస్థే అందరికీ గతి.

ఒకప్పుడు నాకు ఈ వ్యవహారమంటే మహా సరదా. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, క్లయింటు దగ్గర ఖర్చుపెట్టగా మిగిలిన తెలివంతా దీనిమీదే పెట్టేవాణ్ణి. పద్నాలుగు కాలమ్‌లతో ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. మా అర్వింగ్‌లో తెలిసినవాళ్ళెవరికి కాంట్రాక్టు అయిపోయినా నాకే ఫోను. "అన్నా, ఏ ప్లాను తీసుకోమంటావ్?" అని అడిగితే నా ఛాతీ రెండంగుళాలు పొంగేది.

2021 ఫిబ్రవరి తర్వాత ఆ షీటు మళ్ళీ తెరవలేదు.

మాది మార్కాపురం. పలకల ఊరు. కరెంటు కోతల సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోత వేళలు పేపర్లో వేసేవాళ్ళు. అమ్మ ఆ టైముకి ముందే మోటారు వేసి ట్యాంకు నింపేసి, పిండి రుబ్బేసుకునేది. కరెంటు పోగానే వీధి వీధంతా అరుగులమీదకి వచ్చి కూర్చునేది. టైము దాటినా రాకపోతే నాన్న సబ్‌స్టేషన్‌కి ఫోను చేసేవాడు. ఎత్తినవాడి పేరు కూడా తెలుసు మాకు. తిట్టాలంటే తిట్టడానికి ఒక మనిషి ఉండేవాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అదేం గొప్ప న్యాయం కాదు. హైదరాబాదుకి కోత తక్కువ, మా ఊరికి ఎక్కువ, మా మామయ్యవాళ్ళ పల్లెకి ఇంకా ఎక్కువ. ఆయన బోరు మోటారుకి కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చేది. చేతిలో టార్చి పట్టుకుని, పాములకి భయపడుతూ, చీకట్లో పొలానికి వెళ్ళేవాడు. అయినా ఇవాళ నీ వంతు, రేపు నా వంతు అన్న లెక్క ఒకటుండేది. ఆ లెక్క తప్పినప్పుడు తప్పిందని అందరికీ తెలిసేది. రోడ్డుమీద కూర్చునేవాళ్ళు.

టెక్సస్‌లో నేను చూసిన మొదటి కోత 2011 ఫిబ్రవరి 2. అప్పుడు ఆర్లింగ్‌టన్‌లో స్టూడెంటుని. అమెరికాలో నా మొదటి చలికాలం అది. ఆ ఆదివారం మా ఊళ్ళోనే సూపర్ బౌల్, రోడ్లన్నీ మంచు. చలికి విద్యుత్ కేంద్రాలు మొరాయిస్తే రాష్ట్రమంతా వంతులవారీగా కోతలు పెట్టారు. మా అపార్ట్‌మెంటులో కరెంటు పోయి కాసేపటికి వచ్చింది. "అమెరికాలో కూడానా!" అని నలుగురం రూమ్మేట్లం పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాత ఫెడరల్ సంస్థలు విచారణ చేసి, చలికి తట్టుకునేలా కేంద్రాలనీ గ్యాసు బావులనీ సిద్ధం చేసుకోండని ఆ ఏడాదే రిపోర్టు ఇచ్చాయి. తప్పనిసరి చేసినవాళ్ళు లేరు. పదేళ్ళు గడిచిపోయాయి.

2021 ఫిబ్రవరి 14, ఆదివారం. వాడకం తగ్గించుకోండి, హీటరు 68 దగ్గర పెట్టుకోండి అని గ్రిడ్ నడిపే ఎర్‌కాట్ అందరినీ బతిమాలుకుంది. నేను 74కి పెంచాను. అందరూ తగ్గించుకుంటారు కదా, నేనొక్కణ్ణి పెంచితే ఏమైపోతుందిలే అన్న లెక్క నాది. ఆ రాత్రి ఒంటిగంటా ఇరవై దాటాక కోతలు మొదలయ్యాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 దగ్గర ఉండాల్సింది 59.4 కిందికి పడిపోయి, అక్కడ 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. 9 నిమిషాలు గనక ఉంటే యంత్రాలు వాటంతటవే ఆగిపోయి రాష్ట్రం మొత్తం చీకటయ్యేది. మళ్ళీ వెలిగించడానికి వారాలు పట్టేదన్నారు. అంటే అంచుదాకా వెళ్ళొచ్చాం.

పొద్దున్న లేచి చూస్తే మా ఇంట్లో కరెంటు ఉంది. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల మొత్తం చీకటి. సిగ్గులేకుండా చెప్తున్నాను, మనం ప్లాను బాగా ఎంచుకున్నాం కదా అని ఒక్క నిమిషం అనుకున్నాను. మరునిమిషంలో గుర్తొచ్చింది. రోడ్డవతల ఉన్న మన తెలుగువాళ్ళదీ అదే కంపెనీ, అదే ప్లాను. తీసిచ్చింది నేనే. తేడా ఎక్కడుందంటే, మా వీధి లైను ఆసుపత్రికి వెళ్ళే లైను. ఆసుపత్రికి ఆపకూడదు కాబట్టి మాకూ ఆపలేదు. నా పద్నాలుగు కాలమ్‌లలో ఆ కాలమ్ లేదు.

గంటో రెండు గంటలో ఆపి, వాళ్ళకి ఇచ్చి, ఇంకొకరికి ఆపుతారని అందరూ ఎదురుచూశారు. అలా జరగలేదు. ఆపాల్సింది 20,000 మెగావాట్ల దాకా వెళ్ళింది. ఆసుపత్రులూ ఫైర్ స్టేషన్లూ ఉన్న లైన్లు పక్కన పెడితే, ఆపడానికి వీలున్న లైన్లు అప్పటికే ఆగి ఉన్నాయి. తిప్పడానికి ఇంకేం మిగల్లేదు. దాంతో ఉన్నవాళ్ళకి ఉంటూనే ఉంది, లేనివాళ్ళకి రోజుల తరబడి లేదు. డౌన్‌టౌన్‌లలో మనుషుల్లేని ఆఫీసులు ధగధగా వెలుగుతున్న ఫొటోలు అప్పట్లో అందరూ చూసినవే.

ఆ పొద్దున్న మా ఆవిడ "ఎదురుగా వాళ్ళకి లేదు, ఆ హీటరు తగ్గించండి" అంది. నేను ఇంజనీరు సమాధానం చెప్పాను. "మనం తగ్గిస్తే వాళ్ళకేం రాదు. వాళ్ళ లైను వేరు." ఆ మాట మా రెండు వీధుల వరకూ నిజమే. రాష్ట్రం మొత్తానికి అబద్ధం. నాలాంటి తెలివైనవాళ్ళు లక్షలమంది తలా ఆరు డిగ్రీలు తగ్గించుకుని ఉంటే కొన్ని వీధులైనా వెలిగేవి. నా చదువంతా ఆ ఒక్క వాక్యంలో ఎందుకూ పనికిరాకుండా పోయింది.

మధ్యాహ్నానికి రోడ్డవతలి వాళ్ళు మా ఇంటికి వచ్చేశారు. సాయంత్రానికి ఇంకో కుటుంబం వచ్చింది. మొత్తం పదకొండు మందిమి, అందులో ఏడు నెలల పాప ఒకటి. మర్నాడు పొద్దున్న డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే మైనస్ 19 సెంటీగ్రేడు. 1949 తర్వాత అంత చలి లేదన్నారు. పప్పూ అన్నం వండుకుని, హాల్లో వరసగా దుప్పట్లు పరుచుకున్నాం. ఇండియా నుంచి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన ఆ పాప నాయనమ్మగారు అడిగారు: "మా ఊళ్ళో అయితే ఈపాటికి లైన్‌మన్‌ని కేకేసేవాళ్ళం. ఇక్కడ ఎవర్ని కెయ్యాలి నాయనా?"

సమాధానం చెప్దామని నోరు తెరిచి ఊరుకున్నాను. ఎవర్ని కెయ్యాలి? బిల్లు పంపేవాడు తీగలవాళ్ళని అడగమంటాడు. తీగలవాళ్ళు ఎర్‌కాట్ ఆపమంటే ఆపామంటారు. ఎర్‌కాట్ వాళ్ళు కేంద్రాల్లో ఉత్పత్తి లేదంటారు. కేంద్రాలవాళ్ళు గ్యాసు రాలేదంటారు. గ్యాసువాళ్ళు మాకు కరెంటు ఆపేశారు, గ్యాసు ఎలా తోడమంటారు అంటారు. ఇది వేళాకోళం కాదు. చాలా గ్యాసు కేంద్రాలు, మాది ముఖ్యమైన పని, మాకు కరెంటు ఆపకండని చెప్పే ఫారమే నింపి ఇవ్వలేదని తర్వాత విచారణలో తేలింది. ఆ గ్యాసుని అజమాయిషీ చేసేది రైల్‌రోడ్ కమిషన్. పేరు చూసి మోసపోకండి, దానికి ఇప్పుడు రైళ్ళతో ఏ సంబంధమూ లేదు.

పక్క రాష్ట్రాలనుంచి తెచ్చుకోవచ్చు కదా అంటారా? గ్రిడ్ రాష్ట్రం గీత దాటితే ఫెడరల్ అజమాయిషీ వస్తుందని 1935 నాటి చట్టం దగ్గర్నుంచీ టెక్సస్ విడిగా ఉండిపోయింది. నాలుగు సన్నటి దారులు తప్ప బయటినుంచి తెచ్చుకునే వీల్లేదు. పడమటి గ్రిడ్‌లో ఉన్న ఎల్ పాసో 2011లో దెబ్బతిని, తర్వాత జాగ్రత్తపడింది. 2021లో అక్కడ పెద్దగా కరెంటు పోనేలేదు.

మొత్తం 45 లక్షలకి పైగా ఇళ్ళకీ వ్యాపారాలకీ కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా చలికి, చాలామంది వాళ్ళ ఇళ్ళలోనే.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకుండా వదిలేద్దామనే అనుకున్నాను. మా ఆఫీసులో ఒక తమ్ముడికి నేను హోల్‌సేల్ ధర ప్లాను తీసిచ్చాను. గ్రిడ్‌లో ఏ నిమిషానికి ఏ ధర ఉంటే అదే మనకీనూ. నా షీటు ప్రకారం ఏడాదికి మూడొందల డాలర్లు మిగులు, మిగిలాయి కూడా. ఆ వారం ధరని పైకప్పు దగ్గరే ఉంచేశారు. మెగావాట్ అవర్‌కి 9,000 డాలర్లు, మన భాషలో యూనిట్టు తొమ్మిది డాలర్లు. మామూలుగా పన్నెండు సెంట్లు! వదిలేసి పొమ్మని కంపెనీయే ముందే చెప్పింది కానీ, ఆ మూడు రోజుల్లో కొత్తగా చేర్చుకునేవాడు దొరకలేదు. ఒంటిగది అపార్ట్‌మెంటుకి 2,300 డాలర్లు అతని కార్డులోంచి దానంతటదే పోయాయి. సగం నేనిస్తానన్నాను. "వద్దులే అన్నా, సంతకం పెట్టింది నేనే కదా" అన్నాడు. ఆ తర్వాత అతను నన్ను ఏదీ అడగలేదు.

సంతకం పెట్టింది నువ్వే కదా. ఈ పద్ధతి మొత్తం ఆ ఒక్క మాటమీద నడుస్తోంది. వంద ప్లాన్లు ముందు పెట్టి ఎంచుకోమంటారు. ఎంచుకున్నాక ఏం జరిగినా తప్పు మనదే. కరెంటు ఉంటుందా పోతుందా, పోతే ఎవరికి పోతుంది అన్న అసలు విషయంలో మాత్రం ఎంపిక లేదు. మా ఊళ్ళో కరెంటు కోతకి సర్కారు సిగ్గుపడేది, కనీసం సిగ్గుపడ్డట్టు నటించేది. ఇక్కడ సిగ్గుపడాల్సిన పని కొనుక్కున్నవాడికి పెట్టారు. మార్కెట్టు అక్కర్లేదని నేననను. ఈ మార్కెట్టే తెచ్చిన గాలిమరలూ సోలారూ బ్యాటరీలూ కళ్ళముందున్నాయి. నా పేచీ ధరతో కాదు, వంతుతో.

తర్వాత కొన్ని మంచి పనులు జరిగాయి. 2021లోనే చలికి సిద్ధపడటం చట్టంతో తప్పనిసరి చేశారు. ధర కప్పుని 2022లో 5,000కి దించారు. 2025లో వచ్చిన సెనేట్ బిల్లు 6 ప్రకారం 75 మెగావాట్లు దాటిన కొత్త పెద్ద వాడకందార్లు, అంటే ముఖ్యంగా డేటా సెంటర్లు, అత్యవసర పరిస్థితిలో ఇళ్ళకంటే ముందు తగ్గించుకోవాలి. మన సాఫ్ట్‌వేరువాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. నాకు నచ్చింది. నా క్లయింటు సర్వర్లు ఆగిపోతే పేజర్ మోగుతుంది, నేను లేస్తాను. ఇంట్లో హీటరు ఆగిన ముసలావిడకి పేజర్ లేదు.

చేయాల్సింది ఇంకా ఉంది. ఒక ఆసుపత్రి పేరు చెప్పి ఐదొందల ఇళ్ళు తప్పించుకోకుండా లైన్లని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాలి. ఏ వీధికి ఎప్పుడు ఎంతసేపు ఆపుతారో, మా మార్కాపురంలో పేపర్లో వేసినట్టు ముందే చెప్పాలి. డబ్బు ఖర్చవుతుందంటారు. ఆ వారం గ్యాసు కంపెనీలకైన ఖర్చుకి 2023లో మూడు బిలియన్ల డాలర్లకి పైగా బాండ్లు వేశారు. టెక్సస్‌లో లక్షల గ్యాసు బిల్లుల్లో ఒక లైనుగా వసూలవుతోంది, ఇంకా చాలా ఏళ్ళు వసూలవుతుంది. ఖర్చు ఎలాగూ పెడుతున్నాం.

నాకిక్కడ ఓటు లేదు, బిల్లు ఉంది. అయితే యుటిలిటీ కమిషన్‌కి అభిప్రాయం రాసి పంపడానికి ఓటు అక్కర్లేదు. ప్లాను ఎంచుకోవడానికి నేను తగలేసిన శనివారాల్లో పదోవంతు చాలు. ఈ వారం రాశాను. ఇంగ్లీషులో పేజీన్నర, ఎక్సెల్ షీటు జతచేయకుండా.

ప్లాను మాత్రం రెండేళ్ళ ఫిక్సెడ్ తీసుకున్నాను, మొదటి పేజీలో కనిపించినదాన్నే. మా ఆవిడ హీటరు 68 దగ్గర పెట్టింది. బయట ఎండ కాస్తున్నా స్వెట్టర్ వేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను.