ఆట నేర్పువారికి మనము చెప్పవలసిన మాట

మన విద్యార్థులలో కొందరు బల్లపై ఆడు యుద్ధక్రీడలను వీడియోలు చూచి నేర్చుకొనుచున్నారు. ఇది నిందింపదగిన వ్యసనమని నేను తలంపను. చతురంగమున పదాతులను, గుర్రములను, ఏనుగులను నడపిన దేశమునకు ఇట్టి వినోదము కొత్తది కాదు. అయితే పాఠము చూచిన పిదప, నేర్పినవానికి మన యభిప్రాయము ఎట్లు తెలుపవలెనో మనము నేర్చుకొనలేదు.

మా వసతిగృహమున జరిగిన సంగతి యొకటి చెప్పెదను. తొమ్మిదవ తరగతి బాలురిద్దరు, ఆంగ్లదేశమున 1987లో వెలువడిన వార్‌హామర్ 40,000 అను ఆటను, అట్టముక్కలతో సైనికులను చేసికొని, ఒక వీడియో చూచి ఆడబూనిరి. ఆ ఆటలో తుపాకి పేల్చినప్పుడు పాచికలు మూడు మారులు వేయవలెను. గుండు తగిలినదా యని మొదటను, గాయమైనదా యని పిదపను దాడి చేయువాడు వేయును. కవచము కాపాడినదా యని కడపట ఎదుటివాడు వేయును. ఆ బోధకుడు మొదటి రెండును వేసి వెంటనే బొమ్మలను తీసివేసెను. మూడవదానిని పాఠము చివర ఒక్క మాటలో చెప్పి విడిచెను. ఇంకేమున్నది? ఒక బాలుని సైన్యము కొద్దిసేపటిలోనే నశించెను. వాడు మోసమనెను, రెండవవాడు వీడియోలో నిట్లే యున్నదనెను. రెండు దినములు వారు ప్రక్కప్రక్కన కూర్చుండి భుజింపలేదు.

ఆ వీడియోపై చూపరులు వ్రాసిన మాటలను చదివితిని. “బహు బాగున్నది” అనువారు పలువురు. “నీకేమియు తెలియదు” అనువారు కొందరు. ఫలానా చోట ఫలానా మెట్టు తప్పినదని చెప్పినవారు నాకు కానరాలేదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందునప్పుడు విమర్శపాఠమను పద్ధతి యుండెను. ఒకరు బోధింపగా తోడివారు వెనుక కూర్చుండి గుణదోషములు వ్రాయుదురు. నా భిన్నముల పాఠమునకు ఒకడు “చక్కగా నున్నది” అని వ్రాసెను. మరియొకడు, “మీరు నల్లబల్లవైపు తిరిగి మాటలాడినందున చివరి వరుసకు వినబడలేదు, మొదటి లెక్క తెలియకమునుపే రెండవది మొదలిడితిరి” అని వ్రాసెను. ఆ దినమున నాకు కోపము వచ్చిన మాట నిజము. కాని నేటికిని నల్లబల్లవైపు తిరిగినప్పుడు ఆ రెండవవాడే జ్ఞాపకమునకు వచ్చును.

ఉచితముగా నేర్పువానికి తప్పులెన్నుట యేల యని కొందరందురు. తరగతిలో మేము పిల్లల ముఖములు చూచి, అర్థమైనదో లేదో గ్రహింతుము. కెమెరా ముందు కూర్చున్నవానికి ఆ ముఖములు లేవు. మనము వ్రాయు నాలుగు మాటలే ఆయన చూడగల ముఖములు. వానిని దాచుట మర్యాద కాదు.

ఆటలును ఇట్లే బాగుపడినవి. ప్రష్యాలో రైస్విట్జ్ కల్పించిన యుద్ధక్రీడను ఆయన కుమారుడు తోడి సైనికోద్యోగుల సాయమున సవరించి 1824లో నియమములను ప్రకటించెను. హెచ్. జి. వెల్స్ 1913లో ప్రకటించిన ‘లిటిల్ వార్స్’ నియమములును మిత్రులతో ఆడి, చిక్కు తోచినచోట మార్చుకొనగా ఏర్పడినవే.

ఓడిన బాలుడు బోధకునికి మొదట వ్రాసినది తిట్టు. దానిని చింపించి, ఇద్దరిని కూర్చుండబెట్టితిని. తప్పు మనదేమో ముందు నియమపుస్తకమున చూడుడంటిని. అది ఏ కూర్పునకు చెందిన పాఠమో కూడ చూడుడంటిని, ఏలయన 2023లో 10వ కూర్పు వచ్చినప్పుడు పాత పాఠములలో పెక్కు సంగతులు చెల్లకపోయెను. పిమ్మట వారు ఎన్నవ నిమిషమున ఏ మెట్టు విడిచిపోయినదో, దానివలన తాము బల్లమీద ఏమి పొరబడిరో వ్రాసిరి. ఒక్క బొమ్మతో మూడు మారులును మెల్లగా వేసి చూపిన మేలని కోరిరి. దూరము కొలుచు భాగము తేటగా నున్నదనియు చేర్చిరి; అదియు నిజమే.

ప్రత్యుత్తరము ఇంకను రాలేదు. కాని ఆ జాబు వ్రాయుటకై ఇద్దరును ఒకే పుస్తకముపై తలలు వంచి నియమమును చదివిరి. ఆ రాత్రి మరల ప్రక్కప్రక్కన భుజించిరి.

విద్యార్థులారా, మీ యుపాధ్యాయుల పాఠములకును ఈ మాట వర్తించును. నా పాఠమున మీకు తెలియని చోటు ఏదో, ఏ లెక్కయొద్ద తప్పితిరో కాగితముపై వ్రాసి నా బల్లమీద ఉంచుడు. “బాగున్నది” అని మాత్రము వ్రాయకుడు.