ఆసుపత్రి చూపిన సేద్యం

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో కల్రాయన్, సిత్తేరి కొండల నడుమ సిత్తిలింగి అనే లోయ ఉంది. 1993లో డాక్టర్ రెజీ జార్జ్, డాక్టర్ లలిత దంపతులు అక్కడికి వచ్చి ఒక పూరిపాకలో వైద్యం మొదలుపెట్టారు. ఆనాడు ఆ ప్రాంతంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 147 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. ఆ దంపతులు నెలకొల్పిన ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ స్థానిక గిరిజన యువతులకే శిక్షణ ఇచ్చి నర్సులను చేసింది. ఊరూరా ఆరోగ్య కార్యకర్తలను నిలబెట్టింది. శిశు మరణాలు గణనీయంగా తగ్గాయి.

అయినా పని సగమే అయింది. పదేళ్ల తర్వాత ఊళ్లు తిరిగి కష్టసుఖాలు అడిగితే జనం సేద్యం గోడు వెళ్లబోసుకున్నారు. ఎరువులకూ పురుగుమందులకూ అప్పులు, గిట్టుబాటు కాని ధరలు, పని వెతుక్కుంటూ వలసలు. తిండి కోసం పండించే సామలు, రాగులు వెనకబడి, అమ్మకం కోసం వేసే పంటలు ముందుకొచ్చాయి. ఒంటికి మందిచ్చి పొలాన్ని వదిలేస్తే జబ్బు మళ్లీ వస్తుందని ఆ వైద్యులు గ్రహించారు. అలా కొద్దిమంది రైతులతో మొదలైన సిత్తిలింగి సేంద్రియ రైతుల సంఘం తర్వాత వందల కుటుంబాలకు విస్తరించింది. మహిళా సంఘాలు చిరుధాన్యాలను శుద్ధి చేసి, పిండి పట్టి అమ్ముతున్నాయి.

ఈ అనుభవం చెబుతున్న సంగతి ఒక్కటే. ఊరి ఆరోగ్యానికి మొదటి చికిత్స ఊరి పొలంలోనే జరగాలి. ఆరోగ్య శాఖ ఒక దారి, వ్యవసాయ శాఖ ఒక దారి, పౌరసరఫరాల శాఖ మరో దారి పట్టి నడిచినంత కాలం అది జరగదు.

సొంత తిండి చేజారితే ఏమవుతుందో తెలియాలంటే సమోవా దీవుల కథ చూడండి. చామదుంప, సీమపనస, కొబ్బరి, చేపలతో బతికిన ఆ జనం దిగుమతి తిండికి అలవాటుపడి ఊబకాయం, మధుమేహాలతో సతమతమవుతున్నారు. కొవ్వు నిండిన టర్కీ కోడి తోకల దిగుమతిని ఆ దేశం 2007లో నిషేధించింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాల్సి వచ్చేసరికి ఆ నిషేధాన్ని వదులుకోవాల్సి వచ్చింది. తన కంచంలో ఏముండాలో తేల్చుకునే హక్కు ఒకసారి చేజారితే తిరిగి రావడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన పరిస్థితీ ఏమంత మెరుగ్గా లేదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. 1983లో ఎన్టీఆర్ తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చింది, ఆ మేలును ఎవరూ కాదనలేరు. కానీ ఆకలి తీర్చడం దగ్గరే ఆగిపోతే సరిపోదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే.

ఈ విషయంలో ధర్మపురి ఒక అడుగు ముందుకేసింది. 2023 మే నెలలో తమిళనాడు ప్రభుత్వం నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రేషన్ కార్డుకు రెండు కిలోల బియ్యం బదులు రెండు కిలోల రాగులు ఇచ్చే పథకం ప్రారంభించింది. రాగి సంగటి తినే జిల్లాకు రేషన్‌లో రాగులే రావడం న్యాయం. రైతు దగ్గర మద్దతు ధరకు కొన్న గింజ ఆ జిల్లా కంచంలోకే చేరితే అటు సాగు, ఇటు ఆరోగ్యం రెండూ నిలబడతాయి.

తెలుగు నేలకూ ఈ దారి కొత్త కాదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఒకే చేనులో పలు పంటలు కలిపి పండించి, విత్తనం తమ ఇంట్లోనే దాచుకుంటూ వచ్చారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది. అక్కడికి సమీపంలోని బిడకన్నెలో అరణ్య సంస్థ పర్మాకల్చర్ క్షేత్రాన్ని నడుపుతోంది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశాలు హైదరాబాద్‌లో జరిగాయి. వాన నీటిని నేలలోనే ఆపడం, చెట్టునూ పైరునూ పశువునూ కలిపి పెంచడం ఆ విధానానికి ప్రాణం. ఒక పంట పోయినా మరో పంట ఇంటిల్లిపాదినీ ఆదుకుంటుంది.

ఇక కావలసింది ప్రభుత్వాల చొరవ. 2023లో రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లోనూ పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది, మంచిదే. ఆ రాగులు ఎక్కడివన్నదే అసలు ప్రశ్న. ఏ జిల్లా బడులకు ఆ జిల్లా రైతుల దగ్గరే కొనాలి, అంగన్‌వాడీలకూ రేషన్ దుకాణాలకూ అవే ఇవ్వాలి. రాగులను నేరుగా పిండి పట్టించుకోవచ్చు గానీ, సామలు, కొర్రల పొట్టు తీయడం ఆడవాళ్లకు పెద్ద చాకిరీ. మండలానికి ఒక చిన్న మర పెట్టి మహిళా సంఘాల చేతికిస్తే ఆ భారం తగ్గుతుంది, నాలుగు రూపాయలూ మిగులుతాయి. మెట్ట జిల్లాలైన అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్‌లలో వచ్చే ఖరీఫ్‌కు ముందే ఈ పని మొదలుకావాలి.