సంచుల సోదా

పట్టణములందలి పెద్ద అంగళ్లలో నొక యాచారము నానాటికి వేరుదన్నుచున్నది. కొనువాడు సరుకు లేరుకొని, వరుసలో నిలిచి, రొక్కము చెల్లించి, బిల్లు పుచ్చుకొని వెలుపలికి రాబోవునప్పుడు వాకిట నిలిచిన కాపలాదారు చేయి చాచును. బిల్లు చూపవలెను, సంచి తెరువవలెను. అతడు పైపైన చూచి, బిల్లుపై ముద్ర వేసియో, కన్నము పొడిచియో పంపివేయును. పెక్కుమంది యిది నిత్యకృత్యమని తలచి మాటాడక పోవుచున్నారు. ఎవరైన ఏల చూపవలెనని యడిగినచో, ఆ యడిగినవానినే నలుగురును ఎగాదిగ చూచుట కూడ ఆచారములో భాగమైపోయినది. ఈ సోదాకు ఆధారమైన శాసన మేదియో యిప్పటికైన విచారింపవలసియున్నది.

మన తాతలనాటి అంగట నీ ప్రశ్నకు తావు లేదు. బట్టలకొట్టులో యజమాని తెల్లని పరుపుపై గూర్చుండును. గుమాస్తాలు చీరలు విప్పి చూపుదురు. కిరాణాకొట్టులో పప్పు తూచువాడు, పొట్లము కట్టువాడు, చీటీ వ్రాయువాడు అందరును కొట్టువారే. వెల ముట్టిన పిమ్మటనే సరుకు చేతికి వచ్చెడిది. 1916లో అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ యను పేర నొక అంగడి తెరచి, సరుకులను బారులుగ పేర్చి, బుట్ట చేతికిచ్చి, ఎవరికి వలసినది వారే తీసికొనుడనెను. నేటి సూపరుమార్కెట్టులకు మూలపురుషు డతడే. ఆ పద్ధతివలన గుమాస్తాల జీతములు మిగిలినవి. సరుకు కన్నుల యెదుట నుండుటచేత అక్కరలేనివి గూడ బుట్టలో పడుచున్నవి. ఈ రెండు లాభములును వర్తకునివే. వీనికి తోడుగ వచ్చిన నష్టము చిల్లరదొంగతనము. ఆ దొంగతనము లేదని గాని, దానిని వర్తకుడు సహింపవలెనని గాని మేమనము. కాని తాను లాభమునకై యేర్పరచుకొనిన పద్ధతియందలి నష్టమునకు కొనువాని గౌరవమును కుదువపెట్టుట న్యాయమా యని యడుగుచున్నాము.

ముందుగ విక్రయధర్మమును చూతము. 1930 సంవత్సరపు సరుకుల విక్రయ చట్టము ననుసరించి, ఇదియని నిశ్చితమై అప్పగింతకు సిద్ధముగ నున్న వస్తువుపై స్వామ్యము, వేరు నిబంధన లేనియెడల, బేరము కుదిరినప్పుడే కొనువానికి సంక్రమించును. వెల చెల్లించి బిల్లు పుచ్చుకొనిన వెనుక ఆ సబ్బుబిళ్లయు, ఆ నూనెడబ్బాయు కొన్నవాని సొత్తు. వాకిట కాపలాదారు తెరచి చూచునది దుకాణపు సరుకు గాదు, పరుల సొమ్ము. బిల్లు సంగతి మరియు వింత. బిల్లు ఇయ్యకుండుటను 2019 వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయ వ్యాపారపద్ధతులలో జేర్చినది. అనగా అది కొనువాని రక్షణకై శాసనము ఇప్పించిన కాగితము. ఆ కాగితమే యిప్పుడు వానికి విడుదలచీటీ యైనది!

మరి దొంగను పట్టుకొనుటకు వర్తకునికి అధికారము లేదా? కలదు. తన యాస్తిని దొంగతనమునుండి కాపాడుకొను హక్కు నెల్లరకును శిక్షాస్మృతి యొసగినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను, తన యెదుట నేరము జరిగినప్పుడు నేరస్థుని నిర్బంధించుటకు సామాన్యునికి గూడ అధికార మిచ్చుచున్నది. కాని ఆ నేరము పోలీసు తానై పట్టదగినదియు, జామీను హక్కుగా దొరకనిదియు నై యుండవలెను. పట్టిన మీదట అనవసర జాగు చేయక, ఆరు గంటలలోపల పోలీసున కప్పగింపవలెను. కన్నుల యెదుట జరుగుట యొకటి. జరిగియుండునేమో యని వచ్చు పోవు వారినందరిని తడవుట వేరొకటి. మొదటిది ఆత్మరక్షణ, రెండవదానికి శాసనమున పేరు లేదు.

ఇందొక సూక్ష్మము గలదు. క్రొత్త భారతీయ న్యాయసంహితలో, మొదటి నేరమై, సొమ్ము విలువ 5,000 రూపాయలకు లోబడి, దానిని తిరిగి యిచ్చివేసినచో సమాజసేవయే శిక్షగా విధింపబడినది. అట్టి దొంగతనము పోలీసు తానై పట్టదగినది కాదు, జామీను దొరకునట్టిది. కావున సబ్బుబిళ్ల దొంగను సయితము వెనుకగదిలో కూర్చుండబెట్టుటకు 40వ సెక్షను తోడువచ్చుట సందేహాస్పదము. వెల చెల్లించిన గృహస్థుని నిలుపుటకు అసలే రాదు. ఆధారము లేకుండ దారి కడ్డుట అక్రమనిరోధము; దానికి నెల దినముల వరకు సాధారణ కారాగారము గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. గదిలో బంధించినచో అక్రమనిర్బంధము. దానికి ఏడాది వరకు శిక్ష గలదు. ఈ సంగతి కాపలాదారున కెవరును చెప్పియుండరు. అతనిని నిలిపిన వారికి తెలియకపోదు.

రాజ్యముయొక్క అధికారులకు శాసనము వేసిన కళ్లెముతో దీనిని పోల్చి చూడవలెను. మాదకద్రవ్యముల చట్టము 50వ సెక్షను క్రింద అనుమానితుని ఒంటిని సోదాచేయబూనిన అధికారి, గెజిటెడు అధికారి యెదుటనో మేజిస్ట్రేటు యెదుటనో సోదా కోరు హక్కు నీకు గలదని ముందుగ తెలుపవలెను. 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగపీఠము బల్దేవ్ సింగ్ కేసులో దీనిని ఖండితముగ నిర్ణయించినది. సుంకపుశాఖవారి కట్టడియు నట్టిదే. పోలీసు అరెస్టుచేసిన స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగము లేకుండ సోదాచేయవలెను. గంజాయి మూటలు వెదకు అధికారికి లేని స్వేచ్ఛ బిస్కత్తుల పొట్లము వెదకు కాపలాదారున కెట్లు కలిగినది? 1765లో ఇంగ్లండున మంత్రి వారంటు పట్టుకొని జాన్ ఎంటిక్ అను రచయిత యింట చొరబడి కాగితములు తడవిన రాజదూతలను, ఇట్టి అధికార మే గ్రంథమున నున్నదో చూపుమని ప్రధానన్యాయాధిపతి కామ్డెన్ ప్రభువు నిలదీసెను. వారు చూపలేకపోయిరి. మన అంగళ్లవారిని గూడ నదే యడుగవలెను.

ఇచ్చట రెండు విషయములను కలగలుపరాదు. 2007 ఆగస్టు 25న హైదరాబాదున గోకుల్ చాట్, లుంబినీ పార్కులందును, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరునందును ప్రేలుళ్లు జరిగిన దేశము మనది. జనసమ్మర్దస్థలములలో ప్రవేశించునప్పుడు ఆయుధముల కొరకు చేయు తనిఖీ ప్రజల ప్రాణరక్షణార్థము. 2013లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చేసిన ప్రజాభద్రతా చట్టము ప్రవేశనియంత్రణను, కెమేరాలను కోరుటకు కారణ మదియే. దానిని మేము తప్పుపట్టము. లోనికి వచ్చునప్పటి తనిఖీ లోకరక్షణకు. బయటికి పోవునప్పటిది వర్తకుని లెక్కపుస్తకరక్షణకు. ప్రాణభయము పేర జనులు అలవరచుకొనిన యోర్పును సబ్బుబిళ్లల లెక్కకు వాడుకొనుట తగదు.

వర్తకుని పక్షమున చెప్పదగిన వాద మొకటి గలదు. అంగడి తన సొంత స్థలము. సంచి చూపుట ప్రవేశమునకు షరతు. ఇష్టము లేనివారు రానక్కరలేదు. ఈ వాదమున కొంత బలము గలదని యొప్పుకొందుము. కాని షరతును గుమ్మముకడ, బేరమునకు ముందు, చదువగల తెలుగు అక్షరములతో తెలుపవలెను. సొమ్ము పుచ్చుకొనిన పిమ్మట, సరుకు చేతబట్టుకొని నిలిచినవానికి వినిపించునది షరతు కాదు, నిర్బంధము.

లోనికి పోవునప్పుడు సంచిని బల్లకడ నప్పగించి టోకెను పుచ్చుకొను పద్ధతి మరియొకటి. అచ్చట "మీ వస్తువులకు మేము బాధ్యులము కాము" అను పలక వ్రేలాడుచుండును. 1872 సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము పరుల సొత్తును తన స్వాధీనమున నుంచుకొనినవాడు, వివేకవంతుడు తన సొంత వస్తువును కాపాడుకొనునట్లు దానిని కాపాడవలెను. ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటలువారికి నిలుపుటకై యిచ్చిన కారు 1998లో దొంగిలింపబడగా, చీటీపై "సొంతదారుని బాధ్యత" యని అచ్చువేసియుంటిమని హోటలువారు వాదించిరి. తమ అజాగ్రత్తనుండి తప్పించుకొనుట కట్టి వ్రాత చాలదని సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెప్పినది. కారునకు చెల్లిన న్యాయము సంచికి చెల్లకపోవుటకు కారణము మాకు తోచదు. పైగా, సొంత సంచిని వాకిట నాపి, లోపల సంచికి వెల కట్టుటయు నున్నది! కాగితపు సంచికి 3 రూపాయలు పుచ్చుకొనినందుకు బాటా సంస్థవారిని చండీగఢ్ వినియోగదారుల ఫోరము 2019లో మొత్తము 9,000 రూపాయలు చెల్లించుమన్నది. ముందుగ తెలుపక బిల్లు వేయునప్పుడు సంచి వెల కలుపుట అన్యాయ వ్యాపారపద్ధతియని 2020 డిసెంబరులో బిగ్ బజారు కేసున జాతీయ కమిషను నిర్ణయించినది.

ఈ సోదా యెవరిమీద పడుచున్నదో గూడ గమనింపవలెను. ఇస్త్రీచొక్కా తొడిగి కారు దిగినవాని సంచిలోనికి కాపలాదారు చూపు తొంగిచూచియు చూడనట్లుండును. మాసిన చీర కట్టిన కూలిస్త్రీ సంచి అడుగంట తెరువబడును. నలుగురిలో ఆమె లోనిబట్టలు, మందులు, మిగిలిన చిల్లర బయటపడును. మతము, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత అంగళ్ల ప్రవేశమున ఎవరికిని ఆటంకము కలుగరాదని రాజ్యాంగము 15వ అధికరణమున వ్రాసికొంటిమి; పేదరికము ఆ పట్టికలో లేదు.

కాపలాదారుని మేము నిందింపము. దినమెల్ల నిలువుకాళ్లపై నుండు ఆ బీదవాడు తనకంటె బీదవానిని అనుమానించుటకు నియుక్తుడైనాడు. పని ముగించి యింటికి పోవునప్పుడు తన సంచి సయితము తడవబడు ఉద్యోగులు లోకమున కొల్లలుగ నున్నారు. ఆపిల్ కంపెనీ అంగళ్లలో నట్టి సోదా కొరకు ఉద్యోగులు వేచియుండు కాలమునకు గూడ కూలి చెల్లవలెనని 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వరుసలో నిలిచిన కొనుగోలుదారునకు కూలి యిచ్చు కోర్టు ఇంకను కలుగలేదు!

దొంగ కానివానిని దొంగయనినవానికి దొంగతో సమానమైన దండన విధింపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున కంటకశోధనాధికరణములో శాసించెను. వర్తకుల మోసముల నన్నిటిని వేయి కన్నులతో చూచిన ఆ రాజనీతిజ్ఞుడు, అపవాదును కూడ చౌర్యముగనే యెంచెను. ప్రతి గృహస్థుని సంచియు తెరువుమనుట నోట దొంగయని పలుకకయే పలుకుట.

కావలసిన మార్పులు పెద్దవి కావు. షరతులను గుమ్మముకడనే ప్రకటింపవలెను. బిల్లు చూడగోరినచో నది అభ్యర్థనగ నుండవలెను, కాదన్నవారిని పోనీయవలెను. సంచిని చూపుట యిష్టపడినవారే స్వయముగ తెరచి చూపవలెను. కాపలాదారు చేయి లోనికి పోరాదు. నిజముగ అనుమానము కలిగినచో పోలీసును పిలిచి, అనుమానము తప్పైనచో ఫలము వర్తకుడే యనుభవింపవలెను. 2020 జూలైలో నేర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ, హోటళ్లు బిల్లులో తమంతట తామే సర్వీసుచార్జి కలుపుటను నిషేధించుచు 2022 జూలైలో మార్గదర్శకముల నిచ్చినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించినది. సంచుల విషయమున అట్టి మార్గదర్శకములు రాకుండుటకు ప్రజలు అడుగకపోవుట తప్ప వేరు కారణము కానరాదు.

అడుగదలచినవారికి దారి సుగమముగనే యున్నది. జాతీయ సహాయకేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేయవచ్చును. రెండేండ్ల లోపల జిల్లా వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు వ్రాసికొనవచ్చును. చెల్లించిన వెల అయిదు లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు, వకీలును పెట్టుకొనవలెనను నిర్బంధమును లేదు. తేది, వేళ, అచ్చట నున్నవారి పేర్లు వ్రాసియుంచుకొనవలెను. ముద్ర పడిన ఆ బిల్లును మాత్రము పారవేయకుండవలెను.