తువ్వాలు హక్కు

పుష్యమాసమున త్యాగరాజారాధన, చైత్రమున శ్రీరామనవమి, భాద్రపదమున వినాయక నవరాత్రులు, ఆశ్వయుజమున దసరా. ఏ ఋతువున జూచినను మన పట్టణములలో నెచ్చటనో యొకచోట పందిరి లేచి, ఆరుబయట పాట వినబడుచునే యుండును. టిక్కెట్టు లేదు, ద్వారమున నిలిపి యడుగువాడు లేడు. చందా వేయగలవారు వేయుదురు, వినవచ్చినవారందరును విందురు. ప్రజలు ప్రజలకు చేయు విందులలో నింతకన్న నుదారమైనది లేదు. కాని యీ విందున పాట మొదలు కాకమునుపే యొక యపశ్రుతి వినబడుచున్నది. "ఇక్కడ మావాళ్లు వస్తున్నారండీ" అను మాటయే యది.

ఈ మాట చెవిని బడని రసికుడు లేడు. కచేరి ఆరున్నరకు. అయిదు గంటలకే యొక పెద్దమనిషి సంచితో వేంచేయును. వేదిక కెదురుగా దుప్పటి పరచును. ఒక మూల గొడుగు, ఒక మూల మంచినీళ్ల సీసా, ఒక మూల తువ్వాలు, ఒక మూల కళ్లజోడు పెట్టె. ఇవి నాలుగును సరిహద్దు రాళ్లు. నడుమ తాను. పిమ్మట వచ్చిన వృద్ధుడు ఖాళీ చూచి, మోకాళ్లు పట్టుకొని కూర్చుండబోవునంతలో ఆ మాట యతనిని లేపును. వర్ణము ముగియును, రెండు కీర్తనలు ముగియును, రాగాలాపన సాగును. వచ్చుచున్నవారు వచ్చుచునే యుందురు. తని యావర్తనము నాటికి ఎనమండుగురికి గాను ముగ్గురు వత్తురు. కూర్చున్నవారి భుజములు దాటి, కాళ్లు త్రొక్కి దుప్పటి చేరుదురు. తక్కిన యయిదుగురి చోటు మంగళమువరకును ఖాళీ. పందిటి గుంజల నానుకొని నిలిచినవారు ఆ ఖాళీని చూచుచు నిలువుకాళ్లపై పాట విందురు. నడుమ నెవరో యొకరు సహనము చాలక ప్రశ్నింతురు. మాటకు మాట పెరుగును. వేదికపై గాయకుడు కన్నులు తెరచి చూడవలసివచ్చును.

ఇట్టి స్వల్పవిషయమున కొక సంపాదకీయమా యని కొందరు నవ్వవచ్చును. ఊరిబావి నీరు, రేషను దుకాణపు వరుస, పందిటి నేల - ఉమ్మడి సొత్తును పంచుకొను తీరుననే యొక యూరి స్వభావము బయటపడును. బస్సు ఆగకమునుపే కిటికీలోనుండి తువ్వాలు విసరి సీటు పట్టుట మనలో ననేకులకు చిన్ననాడే యబ్బిన విద్య. అచ్చట తువ్వాలు వేసినవాడు మరునిమిషమున తానే యెక్కి కూర్చుండును, టిక్కెట్టును కొనును. పందిటిలో వేసిన తువ్వాలునకు ఆ పాటి పూచీయును లేదు. ఇది మన జాతి కొక్కదానికే పట్టిన తెగులని తలవంచుకొన నక్కరలేదు. న్యూయార్కు నగరమున ఫిల్హార్మోనిక్ వాద్యబృందమువారు 1965 నుండి ఉద్యానములలో నుచితముగా కచేరీలు చేయుచు వచ్చిరి. అచ్చటను జనులు పచ్చికపై దుప్పట్లు పరచుకొనియే విందురు. దుప్పటి యెంత, మనుష్యులెందరు అను ప్రశ్న నేల యున్న ప్రతిచోటను పుట్టును.

ఇది కోర్టు కెక్కదగిన వ్యాజ్యము కాకపోవచ్చును. కాని న్యాయశాస్త్రము దీనిని గూర్చి మౌనముగా లేదు. ఒక వస్తువు ఒకని స్వాధీనమున నున్నదనుటకు రెండు లక్షణములుండవలెనని రోము ధర్మశాస్త్రము ననుసరించినవారు చెప్పుదురు: దానిపై వాని భౌతికాధికారము, అది తనదను సంకల్పము. మన దుప్పటి స్వామికి సంకల్పము పుష్కలముగా గలదు. రాని బంధువుల శరీరములే యచ్చట లేవు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ఇంకను దగ్గరకు వచ్చును. పరుల స్థలమున వారి యనుమతితో మనముండుట లైసెన్సు మాత్రమే. దానివలన ఆ భూమిపై మనకెట్టి హక్కును పుట్టదని 52వ సెక్షను సారము. వేరు ఉద్దేశము లేనిచో, బహిరంగ వినోదస్థలమునకు పోవు లైసెన్సును వేరొకరికి బదలాయింపవచ్చునని 56వ సెక్షను చెప్పుచున్నది. అనగా టిక్కెట్టు కొన్నవాడు దానిని మిత్రున కీయవచ్చును. ఇచ్చిన పిమ్మట ఆ టిక్కెట్టుతో తాను లోనికి పోలేడు. ఉచిత కచేరిలోను ఈ లెక్క మారదు. పందిటిలోనికి వచ్చిన ప్రతివానికిని నిర్వాహకులిచ్చిన యనుమతి ఒక్క మనిషి కూర్చుండుటకే. తాను లేచి తన చోటును వేరొకరికిచ్చు స్వేచ్ఛ వానికి గలదు. తనకు లేని యేడు చోట్లను దానము చేయు దాతృత్వమును మాత్రము ఏ చట్టమును గుర్తింపదు.

అయినను రెండవపక్షమును వినకుండ తీర్పు చెప్పుట మాకు సమ్మతము కాదు. "ముందు వచ్చినవారికే ముందు చోటు" అను సూత్రము పైకి న్యాయముగానే యున్నది. కాని ముందు రాగలవారెవరు? సాయంకాలము పనిలేనివారు, తీరిక గలవారు. దుకాణమున తొమ్మిది గంటలవరకు నిలువవలసిన గుమాస్తా ముందు రాలేడు. ఇంటిల్లిపాదికి వండి వడ్డించి, గిన్నెలు కడిగి, పిల్లలను సర్దుకొని బయలుదేరు ఇల్లాలు ముందు రాలేదు. ఆమెకొరకు భర్తయో కుమారుడో ముందు వచ్చి పక్కన జానెడు చోటు కాచుట నేరమన్నచో, మన సూత్రము తీరికగలవారి పక్షమున చేసిన శాసనమే యగును. బిడ్డను బయటకు తీసికొనిపోయిన తల్లి తిరిగి వచ్చుసరికి ఆమె చోటు పోయెననుటయు ధర్మము కాదు. కావున చోటు కాచుటయందు దోషము లేదు. ఎన్ని చోట్లు, ఎంతసేపు, ఎవరికొరకు అనుటయందే యున్నది.

ఈ మూడవ ప్రశ్నయే ముఖ్యమైనది. "మావాళ్లు" అనగా ఎవరు? వీధిభాగవతములు, తోలుబొమ్మలాటలు ఆడుచుండిన దినములలో ప్రొద్దు గ్రుంకకమునుపే పిల్లలు చాపలును గోనెపట్టలును తెచ్చి పరచి చోటు పట్టెడివారు. ఆ చాపలను తలచుకొని పెద్దలు నేటికిని ముచ్చటపడుచుందురు. కాని యానాటి నేల యెట్టిదో మరువరాదు. ముందెవరు, వెనుకెవరు, ఎడముగా నిలిచి వినవలసినవారెవరు అనుదానిని చాపలు నిర్ణయింపలేదు, కులము నిర్ణయించెను. ఆ గీతను చెరపుటకు ఎందరో పాటుపడిరి. 1950లో నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. 15వ అధికరణమున ప్రజావినోదస్థలముల ప్రవేశమునకు మతముగాని, కులముగాని, లింగభేదముగాని అడ్డు రాగూడదని పేరుపెట్టి చెప్పినది. లోనికి వచ్చు హక్కు అట్లు సిద్ధించినది. వచ్చినవాడు కూర్చుండుట యెచ్చట? ముందు నాలుగు వరుసలును నాలుగు వీధులవారి దుప్పట్లతో నిండి, ప్రతి దుప్పటిపైనను "మావాళ్లు" అను మాట కాపలా కాయుచుండినచో, చట్టము చెరిపిన గీతను తువ్వాలు మరల గీయుచున్నదని యనక తప్పదు. గీసినవారికి ఆ తలంపు లేకపోవచ్చును. గుంజకడ నిలిచినవానికి మాత్రము ఆ గీత కనబడుచునే యున్నది.

చోటు లేదనుమాట సంగీతలోకమునకు క్రొత్తది కాదు. తిరువయ్యారున కావేరి యొడ్డున, 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధికడ జరుగు నారాధననే చూడుడు. సమాధి జీర్ణమైయుండగా తన సొంత ధనము వెచ్చించి దానికి ఆలయము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. అయినను ఆ యారాధనలో స్త్రీలు పాడుటకు చోటు లేదనిరి. ఆమె యూరకుండలేదు, స్త్రీల చేతనే వేరుగా నారాధన చేయించెను. పక్షములు పక్షములుగా నడచిన ఆ యుత్సవము 1940ల యారంభమునకు ఒక్కటియైనది. నేడు ప్రతి సంవత్సరమును స్త్రీలును పురుషులును వరుసలు తీరి నేలపై కూర్చుండి, తమిళదేశపు నడిబొడ్డున, చాలవరకు మన తెలుగుమాటలలోనే యున్న పంచరత్నకీర్తనలను ఏకకంఠమున పాడుచున్నారు. చోటు లేదన్న నేలయే యది. అడ్డుచెప్పినవారు తగ్గిన పిమ్మట అందరికిని సరిపోయినది.

ఇంతవరకు శ్రోతలను మందలించితిమి. ఇక నిర్వాహకుల వంతు. దుప్పటి పరచినవాడు ఈ విద్యను ఎవరికడ నేర్చెను? తలయెత్తి చూచిన నెదుటనే గురువులు కనబడుచున్నారు. అవి మొదటి వరుసలోని సోఫాలు. వానిపై కాగితము లంటించియుండును. ప్రముఖులు సగము కచేరి కాగానే వత్తురు, పాట నాపి పూలమాలలు వేయుదురు, ఛాయాచిత్రములు తీయింతురు, మరుపాట యందుకొనకమునుపే సెలవు తీసికొందురు. ఆ పిమ్మటను సోఫాలు ఖాళీగానే యుండును. వానిపై కూర్చుండుటకు ఎవరికిని ధైర్యము చాలదు. ఉచితమని ప్రకటించిన పందిటిలో నిర్వాహకులే ముందు పది చోట్లను "మావాళ్ల"కు కాచిపెట్టినపుడు, వెనుక నేలపై నున్న సామాన్యుడు తన ఎనమండుగురికి కాచుకొనెనని తప్పుపట్టుటకు వారికి నోరెట్లు వచ్చును? సోఫా తొలగినగాని తువ్వాలు తొలగదు.

కావున మా సూచనలు ఇవి. మొదటిది: ముందు వరుసలు వట్టి నేలగానే యుండవలెను. నేలపై కూర్చుండలేని వృద్ధులకు, వికలాంగులకు, గర్భవతులకు ఇరుప్రక్కల కుర్చీలు వేయవలెను. ఆ కుర్చీలకు అర్హత అవసరమే గాని హోదా కాదు. చందా యెంత వేసినవాడైనను మోకాళ్లు బాగున్నచో నేలపై కూర్చుండవలసినదే. రెండవది: ఒక మనిషి తన చోటుగాక ఇంకొక్క చోటును కావవచ్చును; అదియు వర్ణము ముగియువరకే. ఆ పిమ్మట ఖాళీచోటు నిలిచియున్నవారిది. ఒకసారి వచ్చి కూర్చుండి, అక్కరకు లేచిపోయినవారి చోటు మాత్రము వారిదే. మూడవది: ఆలస్యముగా వచ్చినవారు పాట నడుచుచుండగా నడుమకు పోరాదు, అది ముగియువరకు వెనుకనే యాగవలెను. నాలుగవది: ఈ నియమములను బల్లపై వ్రాసియుంచి, కచేరికి ముందు మైకులో చదివి వినిపింపవలెను.

అయిదవది యన్నిటికంటె ముఖ్యము. ఖాళీ తువ్వాలును తీయవలసినది పక్కవాడు కాదు. తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి కారాదని ధర్మము. చోటు కావలసినవాడే తీర్పు చెప్పబోవుటచేతనే మన పందిళ్లలో ఇన్ని కలహములు పుట్టుచున్నవి. ఊరిలో మాట చెల్లు ఒక పురుషుని, ఒక స్త్రీని కార్యకర్తలుగా నియమింపవలెను. వర్ణము ముగియగానే వారు వరుసల వెంట నడచి, "ఇక్కడ ఎవరైనా కూర్చున్నారా అండీ?" యని యడిగి, లేనిచో దుప్పటి మడిచి దాని స్వామి చేతికిచ్చి, నిలిచియున్నవారిని పిలిచి కూర్చుండబెట్టవలెను. ఎవరి తువ్వాలైనను ఇదే మర్యాద. ఒక్కసారి మొగమాటపడి ఒక పెద్దమనిషి దుప్పటిని విడిచిపెట్టినచో నియమమంతయు నాడే ముగియును.

ఇది యసాధ్యమందురా? తిరుమలలో శ్రీవారి యాలయమున కెదురుగా నాదనీరాజన వేదికకడకు పోయి చూడుడు. యాత్రికుడు వచ్చి కాసేపు కూర్చుండును. విని, చేతులు జోడించి లేచిపోవును. ఆ చోట వేరొక ప్రాంతమువాడు, వేరొక భాషవాడు వచ్చి కూర్చుండును. లేచినవాని పేరు కూర్చున్నవాడెరుగడు. ఎరుగవలసిన యక్కరయును లేదు. అచ్చట కూర్చుండనేర్చిన జనులే మన పట్టణములలోను ఉన్నారు.

రానున్న యుత్సవములకు పందిళ్లు వేయబోవు సంఘములవారు మొదటి సమావేశముననే యీ విషయమును చర్చించి, సోఫాల యద్దె సొమ్మును జంబుఖానాలకు మరలింపవలెనని కోరుచున్నాము. ఈ పత్రికను చదువు మందిరములలో చదివి వినిపించు మిత్రులు ఈ అయిదు సూచనలను తమ యూరి సంఘములకు చేరవేయుదురుగాక. మన పాఠకులలో ముందు వరుసను దుప్పటి పరచు నలవాటు గలవారెవరైన నున్నచో, ఈసారి దానిని మడిచి, గుంజకడ నిలిచిన ముసలియామెను పేరడుగకయే పిలిచి కూర్చుండబెట్టుదురని మాకు నమ్మకము గలదు.