ఎండాకాలంలో ఏటి గట్టు మీద గాలం



అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మనుమడు గత వేసవిలో ఫోను చేసి, ఆ రోజు చేపల వేటకు వెళ్లినా మధ్యాహ్నం రెండు గంటలకే గాలం చుట్టుకొని రావలసి వచ్చిందని చెప్పాడు. అక్కడి మోంటానా రాష్ట్రంలో ట్రౌట్ అనే చల్లనీటి చేప ఉన్న నదులలో, నీటి వేడి వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అనగా సుమారు 23 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, మధ్యాహ్నం 2 గంటల నుండి అర్ధరాత్రి వరకు గాలం వేయడాన్ని నిషేధిస్తారట. చేప ప్రాణం కోసం మనిషి సరదాను ఆపుతున్నారు. విని ముచ్చట పడ్డాను. వెంటనే మన గోదావరి గట్టు గుర్తుకు వచ్చి దిగులూ కలిగింది.

ట్రౌట్ మన డెల్టా చేప కాదు. తెల్లదొరలు నీలగిరులకు తెచ్చి వదిలితే అక్కడి చలికి బతికింది. మన నీటిలో ఒక్క పూట నిలువదు. మన బొచ్చె, శీలావతి, వాలుగ వేడికి అలవాటు పడినవే. అయినా శరీరధర్మం అన్నిటికీ ఒకటే. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే ఇముడుతుంది. అదే సమయంలో చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వంటిది దాని స్థితి. భీమవరం వైపు చెరువుల రైతులకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే ఏరేటర్లు వేయడానికి పరుగెత్తుతారు. వేసవిలో ధవళేశ్వరం దిగువన ప్రవాహం సన్నగిల్లి, ఇసుక తిన్నెల నడుమ మడుగులు మిగులుతాయి. ఆ మడుగులకు ఏరేటర్లు లేవు. వాటిలో చేప సులభంగా దొరికితే అది వేటగాని నేర్పు కాదు, చేప నీరసం. కొందరు ఆ మడుగులలో పురుగుమందు కలిపి చేపలు పట్టడం నేరమే కాదు, తినేవారికి విషం పెట్టడం. చచ్చి తేలిన చేపను చవకగా వచ్చిందని కొనవద్దని నా మనవి.

ఇక మనిషి సంగతి. సుమారు ముప్పై ఏళ్ల క్రితం, రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం, నేను పనిచేస్తున్న ఆసుపత్రికి నలభై ఏళ్ల మనిషిని మంచం మీద మోసుకొని వచ్చారు. ఉదయం తొమ్మిదింటి నుండి రాళ్ల మీద కూర్చుని గాలం వేస్తున్నాడు. మాట తడబడితే, తాగాడనుకొని తోటివారు గట్టు మీదే గంటసేపు పడుకోబెట్టారు. వచ్చేసరికి ఒళ్లు పొడిగా నిప్పులా ఉంది. థర్మామీటర్ 106 డిగ్రీలు చూపింది. తడి దుప్పట్లు కప్పి, పంకా పెట్టి, చంకలలో, గజ్జలలో మంచు ముక్కలు ఉంచాము. వేడి దిగింది గాని మూత్రపిండాలు తిరిగి పనిచేయలేదు. మూడవ రోజున పోయాడు. ఆ గంట గట్టు మీద పోకుండా ఉంటే బతికేవాడని నేను ఇప్పటికీ అనుకుంటాను. నది అతనికి పది బారల దూరంలోనే ఉంది.

"నీళ్ల పక్కనే ఉన్నాము, వడదెబ్బ ఎందుకు తగులుతుంది?" అని చాలామంది నన్ను అడిగారు. తగులుతుంది. మన శరీరం చల్లబడేది చెమట కారినందువల్ల కాదు, ఆ చెమట ఆరినందువల్ల. డెల్టా గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. రాయలసీమలోని పొడి ఎండకంటే అమలాపురం వైపు అదే 40 డిగ్రీలు ప్రమాదకరం. దానికి తోడు నీటి మీద పడిన ఎండ తిరిగి ముఖం మీద కొడుతుంది. రక్తపోటుకు మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవారు, ముందురోజు రాత్రి మద్యం పుచ్చుకున్నవారు మరింత త్వరగా పడిపోతారు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే ఆ రోజు గాలం ఇంట్లో ఉంచండి. ఎవరైనా ఎండలో మాట తడబడి తూలితే మత్తు అనుకోవద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసరుతూ 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తులలోకి పోతాయి.

నా అభిప్రాయం ఇది. తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట ఆపుతున్నారు. ఆ కాలానికి మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. చేప సంతానం కోసం అది మంచి పని. ఏటి మీద బతికే లంక గ్రామాల వారికి మాత్రం ఎండను బట్టి విరామం లేదు. వడగాలుల హెచ్చరిక వచ్చిన రోజున పదకొండు నుండి నాలుగు వరకు వల, గాలం పక్కన పెట్టించాలి. ఆ పూట కూలి పోగొట్టుకున్నవారికి కొంతైనా ఇవ్వాలి. కడుపు మాడ్చుకొని ఆరోగ్యసూత్రాలు పాటించమంటే ఎవరూ పాటించరు, పాటించనక్కరలేదు కూడా. ఇది చేయలేకపోతే ప్రతి రేవులో ఒక తాటాకు పందిరి, ఒక నీళ్ల కుండ, నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పెట్టడానికి పంచాయతీకి ఎంత ఖర్చవుతుంది?

సరదాకు గాలం వేసే నా వయసు మిత్రులతో మరొక మాట. నేనూ వేస్తాను. ఐదింటికి రేవుకు చేరి ఎనిమిదిన్నరకు సర్దేస్తాను. మొన్న ఒక మిత్రుడు "ఇప్పుడే పడుతున్నాయి డాక్టరుగారూ, ఇంకొక్క గంట" అన్నాడు. నేను అతని బెండు తీసి నా సంచిలో వేసుకొని వచ్చేశాను. ఇంతవరకు నాతో మాట్లాడలేదు.